పెన్న పుట్టిన కొండల్లో నాయనతో ఒక పొద్దు

మాది జమ్మలమడుగు. పెన్న ఒడ్డు. నా చిన్నప్పుడు ఏట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనపడేది. ఎప్పుడో ఒక రాత్రి "పెన్నకు నీళ్లొచ్చినాయి" అని వీధిలో ఎవరో కేక వేసేవాళ్లు. ఇంటిల్లిపాదీ ఒడ్డుకు పోయి నిలబడేవాళ్లం. ఎర్రటి నీళ్లు, వాటిలో కొట్టుకొచ్చే కంపచెట్లు. ఇవన్నీ ఎక్కడివని అడిగితే పెద్దవాళ్లు పడమటికి చెయ్యి చూపించి "పైన వానలు పడినాయిలే" అనేవాళ్లు. ఆ 'పైన' అంటే ఏ కొండో మా ఇంట్లో చూసినవాళ్లు లేరు.

పదకొండేళ్లుగా నేను బెంగళూరులో మారతహళ్లిలో ఉంటున్నాను. నంది కొండకు ఆఫీసు వాళ్లతో నాలుగైదుసార్లు వెళ్లాను. సూర్యోదయం చూడటం, ఫొటోలు దిగటం, కిందికొచ్చి ఇడ్లీ తినటం, అంతే. మొన్న డిసెంబర్‌లో నాయన ఊరి నుంచి వచ్చాడు. రాత్రి అన్నాల దగ్గర మాటల్లో, పెన్న పుట్టింది ఆ కొండల వరసలోనే అని చెప్పాను. డెబ్బై మూడేళ్ల మనిషి, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "ఇంత దగ్గిర్నా? రేపు పోదామా?" అన్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాం. ఆరోజు మంగళవారం. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు శని, ఆదివారాలు పెట్టుకోవద్దని నా సలహా, కొండ కింద గేటు దగ్గర కార్ల వరసలోనే సూర్యోదయం అయిపోతుంది. హెబ్బాళ, ఎయిర్‌పోర్టు, దేవనహళ్లి దాటాక హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు హైవే వదిలి ఎడమకు తిరగాలి. నగరం నుంచి 60 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మలుపుల్లో నాయన మంకీ క్యాప్ సర్దుకుంటూ, అద్దంలోంచి చీకట్లోకే చూస్తూ కూర్చున్నాడు.

పైన వ్యూ పాయింట్ దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడితే మొదట ఏమీ కనపడలేదు. తెల్లగా, చల్లగా, ముఖం మీద తడి. చుట్టూ కుర్రాళ్లు మొబైళ్లు ఎత్తి పట్టుకుని ఎదురు చూస్తున్నారు. ఆరున్నర దాటాక తూర్పున ఒక ఎర్రటి గీత పడింది. ఆ వెలుగులో తెలిసింది, మబ్బులు మా తల మీద కాదు, మా కాళ్ల కింద ఉన్నాయని. దూది ఏకి పరిచినట్టు కనుచూపు మేరంతా మబ్బే. అందులోంచి అక్కడొకటి, అక్కడొకటి గుట్టల తలలు. నాయన రెండు చేతులూ జోడించాడు. సూర్యుడికి అనుకున్నాను. మబ్బు వైపు చూస్తున్నాడు.

ఈ మబ్బు ఎలా వస్తుందో తెలిసి చూస్తే ఇంకా బాగుంటుంది. చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడిని తొందరగా వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి లోయల్లోకి దిగుతుంది. అందులోని తేమ మంచుగా మారుతుంది. కొండ ఎత్తు 1,478 మీటర్లు కాబట్టి కొస ఆ పొరను దాటి పైకి తేలుతుంది. ఎండ ముదిరితే మంచు కరిగిపోతుంది. అందుకే అందరూ ఇంత పొద్దున్నే పరిగెత్తేది.

అందరూ తూర్పు చూస్తుంటే నాయన నన్ను "ఉత్తరం యాపక్క?" అని అడిగాడు. నేను ఫోన్‌లో దిక్కులు వెతుకుతుంటే, బుట్టలో జామకాయలు పెట్టుకుని అమ్ముతున్న పెద్దామె తెలుగులోనే "అట్ల చూడప్పా, గౌరిబిదనూరు పక్క" అని చెయ్యి చూపించింది. చిక్కబళ్లాపురం జిల్లాలో పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. నాయనకు ఆ మాట విన్నాక ప్రాణం లేచొచ్చింది. రెండు జామకాయలు కొని, ఆమెతో వానల గురించి, బోర్ల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాడు. వెయ్యి అడుగులు దించినా నీళ్లు పడని బోర్లు తమ పల్లెలో ఉన్నాయని ఆమె చెప్తుంటే, నాయన తల ఊపుతూ విన్నాడు.

ఈ కొండల చుట్టూ నీళ్లు దారులు చీలే తీరు నన్నెప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. అర్కావతి ఇక్కడే పుట్టి దక్షిణానికి పోయి కావేరిలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హోసూరు మీదుగా తమిళనాడు దాటి కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. మన పెన్న, అంటే ఉత్తర పినాకిని, ఈ వరసలోని చెన్నకేశవ కొండ దగ్గర మొదలై గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా ఉత్తరానికి పోతుంది. తర్వాత తూర్పుకు తిరిగి తాడిపత్రి, గండికోట, మా జమ్మలమడుగు, సోమశిల, నెల్లూరు. మొత్తం 597 కిలోమీటర్లు. ఒక వాలు మీద పడిన చినుకు కావేరికి, ఇంకో వాలు మీద పడింది మా ఇంటి ముందుకు.

టిప్పు డ్రాప్ అనే నిట్టనిలువు కొండ అంచు దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. ఆ లోతు, ఖైదీలను అక్కణ్నుంచి తోసేవాళ్లన్న కథ, నాయనకు నచ్చలేదు. యోగనందీశ్వరుడి గుడిలో మాత్రం చాలాసేపు కూర్చున్నాం. పినాకం శివుడి విల్లు. ఆ పేరున్న నది శివుడి కొండల్లో పుట్టడం సరిగ్గా కుదిరిందని నాయన మురిసిపోయాడు. బయటికొస్తుంటే కోతి ఒకటి అరటిపళ్ల సంచి లాక్కుపోయింది. తినేవి చేతిలో కనపడకుండా చూసుకోండి.

కొండ దిగి నంది ఊళ్లో భోగనందీశ్వర ఆలయానికి వెళ్లాం. పైన కొండకొచ్చే జనంలో సగం మంది దీన్ని చూడకుండానే తిరిగి వెళ్తారు, అది నాకు బాధ. తొమ్మిదో శతాబ్దం నుంచి నొళంబులు, చోళులు, హొయసళులు, విజయనగర రాజులు ఒకరి తర్వాత ఒకరు కట్టుకుంటూ వచ్చిన గుడి. లోపల శృంగి తీర్థం అని నాలుగు వైపులా మెట్లున్న పెద్ద కోనేరు. నంది కొమ్ముతో నేలను పొడిస్తే గంగ పొంగిందని, పినాకిని ఇక్కడే పుట్టిందని స్థలపురాణం. నాయన మెట్లు దిగి నీళ్ల అంచున కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని, ఇప్పటి సంగతి చెప్పాను. బెంగళూరులో మనం వాడి వదిలిన నీళ్లను శుద్ధి చేసి హెబ్బాళ, నాగవార వైపు నుంచి పైపుల్లో ఎత్తిపోసి ఈ జిల్లా చెరువులు నింపుతున్నారని.

"అంటే పెన్న పుట్టినకాడ పట్నం నీళ్లు. మన గండికోట డ్యాములో కృష్ణ నీళ్లు" అన్నాడు. "మరి పెన్న నీళ్లు యాడబోయినాయిరా?"

నేను చెరువుల గురించి, బోర్ల గురించి, చెక్‌డ్యాముల గురించి చెప్పబోయాను. ఆయన వినలేదు. చిన్నాయనకు ఫోన్ కలిపాడు. స్పీకర్లో చిన్నాయన గొంతు మోగింది.

"ఎట్లుండావన్నా? పైనేమన్నా వానలు పడినాయా?"

అది ఊళ్లో అలవాటుగా అడిగే మాటే. నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేను పైనే ఉండా" అన్నాడు. "కోనేట్లో నీళ్లుండాయి. ఏట్లో యాడుండాయో ఇంగా చూడల్ల."

మధ్యాహ్నం ఆఫీసుకు లాగిన్ అవుతానని చెప్పి ఉన్నాను. మెసేజ్ పెట్టి సెలవు తీసుకుని, కారు గౌరిబిదనూరు దారి పట్టించాను.