జగదాంబ దగ్గర సందులో మూడు తుపాకుల గుర్తు

తుని, అనకాపల్లి బాగానే దాటిన రైలు దువ్వాడ దగ్గర నలభై నిమిషాలు కదల్లేదు. అందరికీ తెలిసిందే కదా, విశాఖ వచ్చేసినట్టే ఉంటుంది, రాదు. దిగేసరికి ఒంటిగంట. జగదాంబకు ఆటో రెండువందల యాభై అన్నాడు. రాజమండ్రిలో ఆ డబ్బుకి ధవళేశ్వరం వెళ్ళి రావచ్చు. కానీ తుపాకుల షాపు మధ్యాహ్నం మూసేస్తారేమోనన్న టెన్షన్‌లో బేరం కూడా ఆడలేదు, ఎక్కేశాను.

నేను వెళ్ళింది బీచ్ కోసం కాదు. నా ఆయుధ లైసెన్స్‌లో పాయింట్ టూ టూ రైఫిల్ (.22, చిన్న తూటాది) అని రాసి ఉంది గానీ తుపాకీ నంబరు గడి ఇంకా ఖాళీ. గడువులోపు కొనాలి. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి 1980లలోనే ఆగిపోయింది. అప్పటి నుంచి దేశంలో మిగిలిన పాతవే చేతులు మారుతున్నాయి, అందుకే వాటికి అంతంత ధరలు. హైదరాబాద్‌లో ఇలాంటిదానికే లక్షన్నర చెప్పారు. విశాఖ డీలర్ ఫోన్లో నలభై వేలు అనగానే నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. సముద్రపు గాలి ఊరు. గేటు ఊచలే పెచ్చులూడిపోతాయి, బ్యారెల్, అదే తూటా వెళ్ళే గొట్టం, ఏ గతిలో ఉందో అనుకున్నాను.

షాపులో పెద్దాయన ముందు లైసెన్స్ అడిగారు. ప్రతి పేజీ తిప్పి, ఫొటో వైపు, నా వైపు చూసి, అప్పుడు లోపలి బీరువా తాళం తీశారు.

"రాజమండ్రి నుంచి దీనికోసమే వచ్చీసారేటి బాబూ?"

"అవునండి."

పాత దుప్పటి ముక్క విప్పగానే నూనె వాసన. బీఎస్ఏ కంపెనీ మార్టినీ రకం రైఫిల్. తూటాలు నింపే మేగజైన్ ఉండదు, వెనక్కి లాగే బోల్ట్ ఉండదు. ట్రిగ్గర్ కింద ఉన్న లీవర్‌ను కిందికి నొక్కితే లోపలి ఇనప దిమ్మ దిగుతుంది, ఒక్క తూటా పెట్టి లీవర్ పైకి లాగితే మూసుకుంటుంది. అంతే. ఒకసారికి ఒక్కటే తూటా కాబట్టి మనిషి తొందరపడడు. ఆ దిమ్మ ఉండే ఇనప పెట్టె పక్క భాగం మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు చూసి నా చేయి ఆగిపోయింది. మా తాతయ్య బీఎస్ఏ సైకిల్ ముందు బిళ్ళ మీద ఇదే గుర్తు ఉండేది. చిన్నప్పుడు కట్టెల మోపు అనుకునేవాణ్ణి. 1861లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆ కంపెనీ ముందు తుపాకులు చేసింది, సైకిళ్ళు, మోటార్ సైకిళ్ళు తర్వాత. తాతయ్య ఆ బిళ్ళను ప్రతి ఆదివారం కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు.

మార్టినీకి వెనక నుంచి బ్యారెల్ చూడ్డం కుదరదు. లీవర్ దించి, తూటా పెట్టే చోట తెల్ల కాగితం ముక్క దూర్చి, మూతి వైపు నుంచి కన్ను పెట్టాను. లోపలి గాడులు మెలితిరిగి, అంచులు పదునుగా, అద్దంలా ఉన్నాయి. ఒక్క తుప్పు మచ్చ లేదు. ట్రిగ్గర్ మీదకి వేలు వెళ్ళేసరికి పెద్దాయన చేయి అడ్డం వచ్చింది.

"ఖాళీగా లాగకండి బాబూ, సూది పోయి అంచుకి కొట్టేస్తది."

నిజమే. పాయింట్ టూ టూలో సూది, అంటే ఫైరింగ్ పిన్, తూటా అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే దెబ్బ బ్యారెల్ అంచుకి తగులుతుంది. తెలిసి కూడా ఆ క్షణంలో మర్చిపోయాను. ఎన్సీసీ క్యాంపులో మా ఉస్తాద్ ఈ మాటే చెప్పేవారు. పాతిక గజాల దూరం, ఐదు రౌండ్లు, బోర్లా పడుకుంటే మోచేతులకి అంటుకునే ఎర్రమట్టి. రైఫిల్ మీద నా ఇష్టం అక్కడే మొదలైంది. ఇప్పుడు రేంజ్‌లో యాభై మీటర్లు కాలుస్తున్నా ఆ ఐదు రౌండ్లే గుర్తొస్తాయి.

ధర తక్కువెందుకని అడిగాను. దీని యజమాని పోయాక ఇంట్లోవాళ్ళు ఇక్కడ డిపాజిట్ చేశారట. లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉంచుకోకూడదు, పిల్లలెవరికీ షూటింగ్ లేదు, ఏటా దాచిన కిరాయి పెరుగుతోంది. ఇంతకుముందు ఇద్దరు ఎక్కువ ధరకే అడిగారట గానీ ఇవ్వలేదు.

"గోడకి తగిలించీసీవాళ్ళకి వద్దన్నారండి అమ్మగారు. కాల్చీవాళ్ళకే ఇమ్మన్నారు. మీరు కాలుస్తారా?"

నా స్కోర్ కార్డులు చూపించాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నేను కూడా ఒక్క రూపాయి తగ్గించమనలేదు. ఆ మాట విన్నాక బేరం ఆడటానికి నోరు రాలేదు.

రైఫిల్ ఆ రోజే చేతికి రాదు. ఇక్కడి కమిషనరేట్‌లో, మా కలెక్టరేట్‌లో కాగితాలు కదలాలి. అడ్వాన్స్ కట్టి రసీదు తీసుకున్నాను. దుప్పటి ముక్క మడుస్తుంటే మధ్యలోంచి ఒక పాత టార్గెట్ కాగితం జారిపడింది. పెద్దాయన దాన్ని చూసి, నా రసీదుతో పాటే మడిచి ఇచ్చారు.

మధ్యాహ్నం ఎక్కడ తిన్నానో, సాయంత్రం దాకా ఏం చేశానో రాయడానికేమీ లేదు. తిరుగు రైలు దువ్వాడలో మళ్ళీ ఆగింది. ఆ కాగితం తీసి లైటుకి ఎదురుగా పట్టాను. నల్లచుక్క మధ్యలో ఐదు రంధ్రాలు కలిసిపోయి ఒకటే చిరుగు, చిటికెన వేలి గోరంత. పక్కన పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నారు: "గాలి కుడి నుంచి."