సుంకేసుల రాళ్ల మధ్య ఫ్లై ఫిషింగ్

ఈకలు, దారపు పోగులతో కట్టిన పురుగులాంటి ఎర(ఫ్లై)తో చేప పట్టడం ఫ్లై ఫిషింగ్. అదంటే కశ్మీర్‌కో, హిమాచల్‌లోని తీర్థన్ లోయకో వెళ్లి ట్రౌట్ పట్టడమేనని చాలామంది అనుకుంటారు. కశ్మీర్ ట్రౌట్ కూడా అక్కడ పుట్టిన చేప కాదు. 1900 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి గుడ్లు తెప్పించి పెంచారు. దానికి ఏడాదంతా చల్లటి నీళ్లు కావాలి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మా కర్నూలులో అది బతకదు. కానీ నేర్చుకోవడానికి ట్రౌటే ఉండాలని ఎక్కడా లేదు. పారే నీళ్లు, పురుగుల కోసం మీదికొచ్చే చిన్న చేపలు, వెనక చెట్లు అడ్డం రాని ఒడ్డు ఉంటే చాలు. ఆ మూడూ తుంగభద్రలో ఉన్నాయి. నేను మొదలుపెట్టింది సుంకేసుల దగ్గర.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు తీర్థన్‌లో ఈ విద్య నేర్చుకొచ్చాడు. డిసెంబరులో సెలవులకు వస్తూ రాడ్ వెంట తెచ్చాడు. పొద్దున్నే కర్నూలులో బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని బయల్దేరాం.

సుంకేసుల అంటే తుంగభద్ర ఆనకట్ట దగ్గర కె.సి. (కర్నూలు-కడప) కాలువ పుట్టిన చోటు. 1863లో పని మొదలుపెట్టి 1870 నాటికి పూర్తిచేసిన ఈ కాలువ ఇక్కడి నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. పొలాలకు నీళ్లివ్వడంతో పాటు పడవలు నడవడానికి కూడా దాన్ని తవ్వించారు. ఆవలి ఒడ్డున కనిపించేది రాజోలి, తెలంగాణ. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన నది ఇదేనంటే డిసెంబరులో చూసినవాళ్లు నమ్మరు. గేట్లు దించేశాక కింద రాళ్లు తేలి, వాటి మధ్య సన్నటి పాయలు, మోకాలి లోతు మడుగులు మిగులుతాయి. మాలాంటి వాళ్లకు కావలసింది అదే. అయితే అక్కడి చేపల మీద బతికేది ఊళ్లోని మత్స్యకారులు. ముందు వాళ్లను అడిగాం. గేట్ల దగ్గరికి పోవద్దని, నీళ్లు వదిలే సూచన కనిపిస్తే వెంటనే ఒడ్డెక్కాలని, లోతు మడుగుల్లో మొసళ్లుంటాయని చెప్పి సరేనన్నారు. అందుకే నీళ్లలోకి దిగకుండా బండల మీద నిలబడే నేర్చుకున్నాను.

మామూలు గాలంలో ఎరకో, సీసపు గుండుకో బరువు ఉంటుంది. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ కొక్కేనికి చుట్టిన ఈకలు, దారపు పోగుల బరువు లెక్కలోకే రాదు. అందుకని లైన్‌నే, అంటే విసిరే దారాన్నే బరువుగా చేస్తారు. తమ్ముడిది 9 అడుగుల రాడ్, ఐదో నంబరు లైన్‌కు సరిపోయేది. ఐదో నంబరు లైన్ మొదటి 30 అడుగులు తూకం వేస్తే 9 గ్రాములు. మనం విసిరేది ఆ లైన్‌ని, ఎర దాని వెంట పోతుంది. లైన్ చివర లీడర్ అనే సన్నబడుతూ పోయే పారదర్శకమైన దారం, దానికి ఇంకా సన్నటి టిప్పెట్, ఆ చివర ఫ్లై. చేపకు కనబడేది ఫ్లై ఒక్కటే కావాలి.

ముందు ఏటిగడ్డ మీద, గడ్డిలో, కొక్కెం తీసేసి ఊలు ముక్క కట్టి విసరమన్నాడు. గడియారంలో పది దగ్గరి నుంచి రెండు దాకా, అంతే చెయ్యి కదలాలి. వెనక్కి లాగి ఆగాలి. లైన్ వెనక గాల్లో మడత విప్పుకుని పూర్తిగా సాగేదాకా ఆగాలి. అప్పుడే ముందుకు తోయాలి. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా. తొందరపడితే కొరడా ఝళిపించినట్టు టప్‌మని చప్పుడొస్తుంది, చివర ఫ్లై ఉంటే తెగి ఎగిరిపోతుంది. మెడ తిప్పి వెనక్కి చూస్తూ విసరమని తమ్ముడు చెప్పాడు. చూస్తూ విసిరేసరికి ఎంతసేపు ఆగాలో కంటికి తెలిసింది, కాసేపటికి చేతికీ తెలిసింది. లైన్ సాగినప్పుడు రాడ్ కొన కొద్దిగా వంగి, పిడిలో చిన్న లాగుడు తగులుతుంది. అది తగలగానే ముందుకు. ఆ లాగుడు మొదటిసారి స్పష్టంగా తెలిసినప్పుడు కలిగిన సంతోషం చేప పడ్డప్పుడు కూడా కలగలేదంటే అతిశయోక్తి కాదు.

తర్వాత బండల దగ్గరికి వచ్చాం. పుట్టి పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చాలాసేపు చూసి అడిగాడు.

"ఏమప్పా, బెండు ల్యాదు, ఎర్ర ల్యాదు, చేపెట్ల పడ్తాది?"

తమ్ముడు ఫ్లైల డబ్బా తెరిచి చూపించాడు. పెద్దాయన ఒకటి గోటితో ఎత్తి, తిప్పి చూసి, "పురుగే" అన్నాడు. ఆ తర్వాత నేను దూరంగా నడి పాయలోకి విసురుతుంటే ఆపాడు.

"అంత దూరం యాల? ఆ రాయెనకాల సూడు. నీల్లు తిరుగుతా ఉండాయి గదా, పరిగెలన్నీ ఆడనే ఉంటాయి."

చూశాను. రాయికి అటూ ఇటూ నీళ్లు వడిగా పోతున్నాయి, వెనక మాత్రం మెల్లగా సుడి తిరుగుతున్నాయి. వడి నీటికీ మెల్లటి నీటికీ మధ్య సన్నటి గీత. దాని మీద నురుగు, ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. చేప మెల్లటి నీళ్లలో శ్రమ లేకుండా నిలబడి, ఆ గీత మీద వచ్చే తిండిని అందుకుంటుంది. తమ్ముడు పొద్దున్నుంచి చెబుతున్నదీ ఇదే. కానీ ఆ మాట ఇదే నదిలో పెరిగిన మనిషి నోట వినడం వేరు. అప్పటిదాకా నాకు నదంతా ఒకటే నీరు. అక్కడి నుంచి ప్రతి రాయి వెనకా ఏముందోనని వెతకడం మొదలుపెట్టాను.

గీతకు ఎగువన ఫ్లై వేసి, నీళ్లతో పాటే రానిచ్చాను. లైన్ కొన చటుక్కున ఆగింది. రాడ్ ఎత్తగానే బరువు తగిలింది. వేలెడంత పరిగె. దాన్ని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోమన్నాడు తమ్ముడు, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు పొర పోయి చేపకు జబ్బు చేస్తుంది. వెండి పొలుసులు, తోక మొదట్లో నల్లచుక్క, పెదవి కొసన కొక్కెం. కొక్కెం ముల్లును ముందే పటకారుతో నొక్కేయడం వల్ల ఇట్టే ఊడొచ్చింది. నీళ్లలో పెట్టి వేళ్లు వదులు చేశాను, పోయింది.

"ఇడ్సిపెట్టేదానికా ఇంత పని?" అన్నాడు పెద్దాయన.

"నేర్చుకునేదానికి, పెద్దాయనా."

ఆయనకు అది నచ్చలేదు, నచ్చాలని నేను కోరుకోను కూడా. చేపే కూడైన మనిషికి వదిలిపెట్టడం గురించి పాఠం చెప్పే అర్హత సెలవు రోజున వచ్చి పోయే నాకు లేదు. నేను పట్టినవి మాత్రం వదిలేస్తాను.

మధ్యాహ్నం ఎండెక్కాక పరిగెలు కదలడం మానేశాయి. అప్పుడు ఆయనే కొరమీను సంగతి ఎత్తాడు. అది గాలి పీల్చడానికి మీదికొస్తుంది, జమ్ము పక్కన నీళ్లు చెదిరిన చోట కప్ప పడితే వదలదు. తమ్ముడి డబ్బాలో కప్ప ఆకారంలో కట్టిన ఫ్లై కూడా ఉంది, కానీ ఐదో నంబరు రాడ్ అంత చేపను ఆపలేదు. ఎనిమిదో నంబరు కావాలి. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే కొరమీను జోలికి మాత్రం పోవద్దని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. తల్లీ తండ్రీ కలిసి కాపాడుకునే పిల్లలవి, పెద్దది పోతే మిగతా చేపలు వాటిని తినేస్తాయి.

రాడ్ నా దగ్గరే వదిలి తమ్ముడు బెంగళూరు వెళ్లాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఎనిమిదో నంబరుది తెస్తానన్నాడు. వెళ్లాలనుకునేవాళ్లు టోపీ, కళ్లజోడు తప్పకుండా పెట్టుకోండి, గాలి పక్క నుంచి వీస్తే కొక్కెం మొహం మీదికే వస్తుంది. గేట్లెత్తే వానాకాలం మాత్రం అటు పోకండి. సంక్రాంతికి జమ్ము ఎక్కడ దట్టంగా ఉంటుందో పెద్దాయన చూపిస్తానన్నాడు. ఆయన పుట్టిలోనే వెళ్తాం.