నడిమి గుంజ మోయదు, వేలాడుతుంది

ఊళ్లో పశువుల కొట్టానికి పెంకుల కప్పు వేయిస్తున్నా. ఇనుప ట్రస్సులు (కప్పు మోసే త్రికోణపు చట్రాలు) వద్దని, పాత ఇంటి టేకు దూలాలతోనే. మేస్త్రి నేల మీద సున్నంతో అసలు సైజులోనే బొమ్మ గీశాడు. ప్రతి కర్రా దానిమీద పరిచి చూసుకున్నాకే రంపం ముట్టుకుంటాడు.

"నడిమి గుంజ బరువు మోస్తుందనుకుంటున్నారా బాబూ? పైనుంచి వేలాడుతుందండీ!" అన్నాడు, చట్రం నడుమ నిలువుగా ఉండే కర్రని చూపించి. నిజమే. వాలు కర్రలు రెండూ బయటికి తన్నుతాయి, కింది దూలం వాటిని లాగి పట్టుకుంటుంది, ఆ దూలం నడుమ వంగకుండా గుంజ పైకి పట్టి ఉంచుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం బెజ్జాల పని. అతుకులో కలిసే రెండు కర్రల్లో ఒకదానికి చెక్క సీల బెజ్జాన్ని, రెండోదాని బెజ్జానికి కావాలనే రవ్వంత పక్కకి వేస్తాడు. సీల దిగేకొద్దీ అతుకు దానంతటదే బిగుసుకుంటుంది. మేకు ఒక్కటీ లేదు. (ఖర్చు మాత్రం అడక్కండి.)

రేపు పైకెత్తాలి. ఖాళీగా ఉన్నవాళ్లు పొద్దున్నే వచ్చేయండి, టిఫిన్ నాది.