వయసు రాయని బర్బన్‌కి కూడా వయసు ఉంటుంది

అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయివిల్‌లో లిక్కర్ స్టోర్‌లో పని చేస్తున్నానంటే మనవాళ్లలో కొందరు ఇప్పటికీ మాట మార్చేస్తారు. డిపెండెంట్ వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ చేతికొచ్చాక ఇంటికి దగ్గరలో దొరికిన ఉద్యోగం ఇది. నాకు ఇష్టమైన ఉద్యోగం కూడా. కోనసీమకి కొబ్బరి ఎలాగో కెంటకీకి బర్బన్ అనే విస్కీ అలాగ, కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి దాని గురించి నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పలేకపోతే కొనేవాళ్ల డబ్బు దండగవుతుంది.

ఇండియా వెళ్లే ముందు మన కుర్రాళ్లు వస్తుంటారు. "అక్కా, మామయ్యకి ఒక మంచి వీటెడ్ బాటిల్ చూడు, ఏజ్ ఎక్కువున్నది" అంటారు. లేబుల్ మీద పెద్ద అంకె కనబడితే చాలు, అదే వయసు, అంటే పీపాలో ఉంచిన ఏళ్లు, అనుకుంటారు. వెల్లర్ యాంటిక్ అనే బర్బన్ మీద ఉండే 107 అనేది ప్రూఫ్, అంటే 53.5 శాతం ఆల్కహాల్. మేకర్స్ 46లో ఆ 46 పీపాలో అదనంగా వేసే ఓక్ చెక్కల రకానికి పెట్టిన నంబరు. రెండింటికీ వయసుతో సంబంధం లేదు.

ముందు వీటెడ్ సంగతి. బర్బన్‌లో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి, మిగతాది చాలా వాటిలో రై అనే ఘాటైన ధాన్యం, కొంచెం బార్లీ మాల్ట్. ఆ రై బదులు గోధుమ వేస్తే వీటెడ్ అంటారు. మేకర్స్ మార్క్, వెల్లర్, లార్సెనీ, ఓల్డ్ ఫిట్జ్‌జెరాల్డ్, ప్యాపీ వాన్ వింకిల్ అన్నీ ఈ కోవలోవే. చట్టం దీన్ని ప్రత్యేక రకంగా గుర్తించలేదు కాబట్టి చాలా సీసాల మీద ఆ మాటే కనబడదు, ఏ ధాన్యం వేశారో మనమే తెలుసుకోవాలి. బెర్న్‌హైమ్ లాంటి వీట్ విస్కీ మాత్రం వేరే రకం, అందులో గోధుమే 51 శాతానికి తగ్గకూడదు, దాన్ని బర్బన్ అనరు.

ఇక వయసు. ఉత్త బర్బన్‌కి కనీస వయసంటూ ఏమీ లేదు, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో కొద్ది నెలలున్నా బర్బనే. 'స్ట్రెయిట్' అని రాయాలంటే రెండేళ్లు నిండాలి. నాలుగేళ్ల లోపుదైతే వయసు రాసి తీరాలి, అదీ కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు. పన్నెండేళ్ల సరుకులో మూడేళ్లది కొంచెం కలిపినా పన్నెండేళ్లదని చెప్పుకోవడానికి వీల్లేదు. అంటే లేబుల్ అంతా వెతికినా వయసు కనబడలేదంటే దాన్ని చూసి భయపడక్కర్లేదు, అది కనీసం నాలుగేళ్లది. మేకర్స్ మార్క్ మీద వయసుండదు. వెల్లర్ స్పెషల్ రిజర్వ్ మీద ఒకప్పుడు ఏడేళ్లు అని ఉండేది, తర్వాత తీసేశారు, ఇప్పుడు లోపల ఏడేళ్లదే ఉందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని ఉంటే నాకు ఇంకా ధైర్యం. 1897 నాటి చట్టం అది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసినదై ఉండాలి, బాండెడ్ గోదాములో, అంటే ప్రభుత్వ పర్యవేక్షణలో ఉండే గోదాములో, కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 100 ప్రూఫ్.

కుర్ర వీటెడ్‌లు ఎక్కువగా చిన్న డిస్టిలరీల నుంచి వస్తాయి. సీసా బరువుగా, మూత చెక్కతో, ముందు లేబుల్ మీద గుర్రాలూ పొలాలూ, వెనక మాత్రం కనబడీ కనబడని అక్షరాల్లో 'ఏజ్డ్ 30 మంత్స్' లాంటి మాట. అందుకే ఎవరు ఏ సీసా తీసినా ముందు వెనక్కి తిప్పి చూపిస్తాను. ఎక్కడ డిస్టిల్ చేశారో కూడా అక్కడే చూడాలి. కంపెనీ అడ్రసు ఒక రాష్ట్రంలో ఉండి, కింద 'డిస్టిల్డ్ ఇన్ ఇండియానా' అని ఉంటే సరుకు ఇంకొకరి దగ్గర కొన్నదని అర్థం. అందులో తప్పేం లేదు, కానీ కొనేవాడికి తెలియాలి కదా.

స్టోర్‌లో టేస్టింగ్ పెట్టినప్పుడు నేనూ ఒక గుక్క రుచి చూస్తాను. కప్పిపెట్టడానికి రై ఘాటు ఉండదు కాబట్టి వీటెడ్‌లో కుర్రతనం నాకు త్వరగా తెలిసిపోతుంది: తడిపిన పిండి వాసన, పచ్చి మొక్కజొన్న, కొత్తగా కోసిన చెక్క, తీపి ఉన్నా పైపైనే ఉండటం. వయసొచ్చినదాంట్లో వనిల్లా, కాల్చిన చక్కెర, కొంచెం తోలు వాసన నెమ్మదిగా వస్తాయి. రంగు చూసి మాత్రం తేల్చలేం. స్ట్రెయిట్ బర్బన్‌లో రంగు కలపకూడదు, నిజమే, కానీ గోదాము పై అంతస్తులో వేడికి ఉన్న పీపా, కింద చల్లగా ఉన్న పీపా ఒకే వయసులో ఒకే రంగు రావు. నీళ్లు ఎంత కలిపారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

కుర్రదంటే పనికిరానిదని నేననను. రెండున్నరేళ్లది కూడా చక్కగా చేసినవి ఉన్నాయి, ఐస్ వేసుకుని తాగేవాళ్లకి బాగానే నచ్చుతాయి. నాకు కోపం వచ్చేది ధర దగ్గరే. ముప్ఫై నెలల సరుకుని బాటిల్డ్ ఇన్ బాండ్ కంటే ఎక్కువకి అమ్ముతుంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు మొహమాటపడి కార్డు తీసేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. "తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు" అంటాను. మామయ్యకే అయితే మేకర్స్ ఒకటి, లార్సెనీ ఒకటి తీసుకోమంటాను. రెండూ 750 మిల్లీలీటర్లవి, ఇండియాలో కస్టమ్స్ వాళ్లు వదిలే రెండు లీటర్ల లోపే. హ్యాండ్ బ్యాగేజీలో పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు, చెక్ ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టాలి.