పక్కింటామె పేరేంది?

పొద్దున లేచేసరికి నాయనమ్మ వాకిట్ల కూసొని పల్లికాయ ఒలుస్తున్నది. నా ఫ్లైట్ రేపు రాత్రి. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ ఎంత దూరమని, కానీ ఆమె నిన్నటి నుంచే నన్ను సాగనంపుతున్నది. నేను కూడ పీట ఏసుకొని పక్కన కూసున్న.

సింగపూర్ పోయి నాలుగు నెలలాయె. పెండ్లికని వచ్చిన ఈ వారం రోజులు చుట్టాలందరూ జీతమెంత, కిరాయెంత అనే అడిగిన్రు. నాయనమ్మ ఒక్కతే, "నీళ్లు యాడికెల్లి తెచ్చుకుంటవు బిడ్డా?" అన్నది.

నల్లా తిప్పితే వస్తయి, కాచకుండనే తాగొచ్చు అన్న. వాన నీళ్లు చెరువులల్ల పడ్తరు, వాడిన నీళ్లు శుద్ధి చేస్తరు, సముద్రం నీళ్లల్ల ఉప్పు తీస్తరు, పక్కనున్న మలేసియా నుంచి కూడ పైపులల్ల కొంటరు. ఆ ఒప్పందం 1962 నాటిది, 2061 దాక ఉన్నది. ఇదంతా విని నాయనమ్మ చేతులు ఆపింది. "మనకు కృష్ణ పక్కపొంటే పాయె" అన్నది. కృష్ణ తెలంగాణల అడుగుపెట్టేది మా పాత పాలమూరు జిల్లాల్నే. ఆ నీళ్లు మా చేన్లకు రాకనే గద తాత, ఆమె శ్రీశైలం డ్యాం పనికి, ఆనెంక బొంబాయికి బతుకపోయింది.

"దుకాణపాయన ఉద్దెర ఇస్తడా?" ఇది రెండోది. కొత్త తావుల మొదటి కూలి చేతికొచ్చేదాక బియ్యం ఎట్లనో అది ఆమెకు తెలుసు. ఉద్దెర లేదు గని అన్నీ దొరుకుతయని చెప్పిన. నేనుండేది లిటిల్ ఇండియా పక్కనే. సెరంగూన్ రోడ్డు మీద వీరమాకాళియమ్మన్ గుడి, ఇంకొంచెం ముందుకు పోతే శ్రీనివాస పెరుమాళ్ గుడి. టెక్కా మార్కెట్ల మునక్కాయ, కరివేపాకు, మేక మాంసం అన్నీ ఉంటయి. మార్కెట్ పక్క రోడ్డు పేరు బఫెలో రోడ్డు. ఆ పక్కదాని పేరు కెర్బావ్ రోడ్డు, మలయ్ భాషల కెర్బావ్ అన్నా బర్రెనే. వెనకట అక్కడ పశువుల బేరం నడిచేది. బర్రెల పేరు వినంగనే నాయనమ్మకు ఆ ఊరు కొంచెం దగ్గరైనట్టనిపించింది.

తర్వాత ఆదివారం సంగతి చెప్పిన. ఆ రోజు బిల్డింగు పనుల కూలీలకు సెలవు. తమిళోళ్లు, బంగ్లాదేశోళ్లు వేలమంది వచ్చి గడ్డి మీద, ఫుట్‌పాత్ మీద కూసుంటరు. ఎవరిని చూసినా చెవికి ఫోనే, ఇంటోళ్లతోని ముచ్చట. పైసలు పంపే దుకాణాల ముందు లైన్లు. మొదటి ఆదివారం ఆ జనంల నడుస్తుంటే నాకు ఊపిరాడలే, తర్వాతి వారం మళ్ల నేనే పోయిన.

"వాళ్లకు గుంపు మేస్త్రి ఎవరు?"

ఏజెంటు ఉంటడు, చానామంది అప్పు తెచ్చి ఆయనకు కట్టి వస్తరు అని చెప్పిన.

ఆమె చాలాసేపు మాట్లాడలే. "మా మేస్త్రి మాకే ముందుగాల పైసలిచ్చి తోల్కపోయేటోడు బిడ్డా. ఆ బాకీ తీర్పనీకె ఏండ్లు పట్టింది. వీళ్లు పోకముందే ఎదురు కడ్తున్నరా?" అన్నది. కండ్లు తుడుచుకున్నది. సముద్రం అవతల, ముఖం తెలువనోళ్ల కోసం. నాకు గొంతు పట్టేసింది. నేను ఆఫీసు వీసా మీద, ఏసీ రూముకు పోయినోణ్ని. అయినా ఆమె లెక్కల మేమందరం ఒక్క గుంపే.

ఇగ నా గురించి అడిగినదాంట్ల మూడోది. "పక్కింటోళ్లు ఎవరు?"

ఒక చైనా ముసలామె. నేను కొత్తగ పోయినప్పుడు బట్టలు ఆరేసుడు తెలువలే. అక్కడ వంటింటి కిటికీ బయట గొట్టాలుంటయి, బట్టలు తొడిగిన వెదురు బొంగును వాటిల్ల గుచ్చాలె. నేను క్లిప్పులు పెట్టకుండ గుచ్చిన. గాలికి అంగీ ఏడో అంతస్తు నుంచి కిందవడ్డది. ఆమే తెచ్చి తలుపు కొట్టింది. ఒక్క మాట మాట్లాడకుండ లోపలికొచ్చి, బొంగు మీద అంగీని రెండు దిక్కుల నొక్కిపట్టి క్లిప్పులెట్ల పెట్టాల్నో చూపించి పోయింది. అప్పటినుంచి లిఫ్టుల కలిస్తే తల ఊపుకుంటం.

"పేరేంది?"

తెలువదు. నాలుగు నెలలు ఒకే గోడకు ఈ పక్క ఆ పక్క ఉన్నం, అడగలే. ఆంటీ అంట, అంతే.

నాయనమ్మ ఏమనలే. సాయంత్రం పల్లీలు వేయించి నాకు కారంపొడి దంచింది. సగం పల్లీలు పక్కకు తీసి, బెల్లం పాకం పట్టి ఉండలు చేసి వేరే డబ్బాల పెట్టింది. "ఆమెకు కారం పడ్తదో లేదో. ఇవి ఇయ్యి. పళ్లున్నయా ఆమెకు? లేకుంటే దంచి ఇయ్యి. పేరడిగి నాకు ఫోన్ల చెప్పు."

ఇప్పుడు రాత్రి 11 దాటింది. బ్యాగు తూకం మళ్ల చూసిన, కిలో ఎక్కువున్నది. ఒక జీన్స్ ప్యాంటు తీసి బీరువాల పెట్టిన.