సీప్యాప్ మాస్కుతో నా అనుభవం: బిగించిన కొద్దీ లీకే

నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉందేమోనని చేసే నిద్ర పరీక్ష తేలిగ్గా అయిపోయింది. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, అంతే. నిద్రలో ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగడం, లేదా బాగా తగ్గిపోవడం గంటకు సగటున ఎన్నిసార్లు జరిగిందో చెప్పేదే ఏహెచ్ఐ. 5 నుంచి స్లీప్ ఆప్నియా కింద లెక్క, 15 నుంచి మధ్యస్థం, 30 నుంచి తీవ్రం. నాది తీవ్రం. ఒక్క మాట: ఇంట్లో చేసే పరీక్ష చాలావరకు నిద్రపోయిన సమయంతో కాకుండా రికార్డయిన మొత్తం సమయంతో భాగిస్తుంది. అందుకే అంకె అసలుకన్నా తక్కువ రావచ్చు. గురక, పగటి మత్తు ఉండీ రిపోర్టు బాగుందన్నారంటే ల్యాబ్‌లో రాత్రి పరీక్ష అడగండి.

డాక్టరుగారు ఆటో సీప్యాప్ రాశారు. నిద్రలో శ్వాసదారి మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్ అది. ప్రెషర్ అదే సర్దుకుంటుంది, దానితో ఏ గొడవా లేదు.

నరకమంతా మాస్కు దగ్గరే. అమ్మిన మనిషి కుర్చీలో కూర్చోబెట్టి, మెషీన్ ఆన్ చేయకుండానే పట్టీలు లాగి, సరిపోయిందని పంపించేశాడు. రాత్రి కళ్లలోకి గాలి కొడుతుంది, తెల్లారేసరికి కళ్లు ఎర్రగా మండుతుంటాయి. ఫోన్ చేస్తే "ఇంకాస్త బిగించండి సార్, అలవాటైపోతుంది" అంటాడు. బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది, లీకు ఇంకా పెరిగింది.

ఎందుకంటే, కుషన్ అంచున పలుచటి సిలికాన్ పొర ఉంటుంది. లోపలి గాలికి అది ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. పట్టీలు లాగితే ఆ పొర ముడత పడుతుంది, ఆ ముడతలోంచే గాలి పోతుంది. కూర్చున్నప్పుడు సరిపోయిన మాస్కు పడుకుంటే సరిపోదు, బుగ్గలు జారి ముఖం ఆకారం మారుతుంది.

కాబట్టి రోజూ పడుకునే భంగిమలో, మెషీన్ నడుస్తుండగా పెట్టుకోవాలి. పట్టీలు వదులుగా ఉంచి, మాస్కును ముఖం నుంచి కాస్త ముందుకు లాగి వదలండి, కుషన్ ఉబ్బి కూర్చుంటుంది. తర్వాత రెండు వైపులా సమానంగా, లీకు ఆగేంతవరకే బిగించండి. అప్పటికీ ఆగకపోతే సైజు మార్చమని పట్టుబట్టండి. మాస్కు ముందుభాగంలో చిన్న రంధ్రాల నుంచి వచ్చే గాలి మాత్రం లీకు కాదు. మనం వదిలిన ఊపిరి పోయే దారి అది, దాన్ని ఎప్పుడూ మూయకూడదు.

మెషీన్ అటకెక్కించినవాళ్లకు ఓపిక లేదని నిందిస్తారు. చాలామందికి కావలసింది ఓపిక కాదు, సరైన సైజు. అమ్మేవాళ్లు పది నిమిషాలు పడుకోబెట్టి చూస్తే తేలిపోయే విషయం ఇది.

కుషన్‌ను రోజూ గోరువెచ్చని నీళ్లతో, ఘాటు లేని సబ్బుతో కడగండి. ముఖం జిడ్డు అంటితే జారుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే సిలికాన్ పాడవుతుంది. నోరు ఎండిపోతుంటే నిద్రలో నోరు తెరుచుకుంటోందేమో చూడాలి. ముక్కు దిబ్బడకు ముందు వైద్యం చేయించుకుని, అప్పటికీ నోటితోనే పీలుస్తుంటే ముక్కూ నోరూ కప్పే మాస్కు అడగండి. గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి. గది చల్లగా ఉండి గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమంటుంటే తేమ ఒక మెట్టు తగ్గించండి, లేదా వేడయ్యే గొట్టం తీసుకోండి.