పొత్తిగుడ్డల ఆనవాలు

"దానికిదే మీకానవాలు, ఒక శిశువు పొత్తిగుడ్డలతో చుట్టబడి యొక తొట్టిలో పండుకొనియుండుట మీరు చూచెదరు." లూకా సువార్త 2వ అధ్యాయం 12వ వచనంలో దూత గొర్రెల కాపరులతో చెప్పిన మాట ఇది. సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యం. క్రిస్మస్ నాటికలో దూత వేషం నాదే కాబట్టి, రెండేళ్లు వరసగా స్టేజి మీద నిలబడి ఈ మాట నేనే చెప్పాను. అయినా ఆ గుడ్డల దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగలేదు. పోయిన డిసెంబరులో ఆగింది.

నక్షత్రం జ్ఞానులకు దారి చూపింది, అది మత్తయి రాసిన సంగతి. కాపరులకు నక్షత్రం ఊసే లేదు. ప్రభువు మహిమ వాళ్ల చుట్టూ ప్రకాశిస్తుంటే, అంత వెలుగులో నిలబడి దూత చెప్పిన గుర్తు ఒక గుడ్డ, పశువులు మేత తినే ఒక తొట్టి. బేత్లెహేములో ఆ రాత్రి ఎంతమంది పసిపిల్లలున్నా అందరూ పొత్తిగుడ్డల్లోనే ఉంటారు. కాపరుల ఇళ్లలో వాళ్ల పిల్లలూ అంతే. అంటే గుడ్డ చూస్తే "మన పిల్లల్లాంటి పిల్లవాడే" అని తెలుస్తుంది, తొట్టి చూస్తే "ఈయనే" అని తెలుస్తుంది. ఆ గుడ్డ చుట్టిందెవరో 7వ వచనం ముందే చెప్పింది. మరియ తొలిచూలు కుమారుని కని, తానే పొత్తిగుడ్డలతో చుట్టి, తానే పడుకోబెట్టింది. మంత్రసాని ప్రస్తావన లేదు, పక్కన పెద్దదిక్కు ఎవరో ఉన్నట్టు కూడా లేదు. ఒక బాలింత అలసిన చేతులతో చేసిన పనిని దేవుడు తన కుమారుడి ఆనవాలుగా చూపించాడు.

పొత్తిళ్లు అనే మాట మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. పురిటి బిడ్డకు కొత్త బట్ట వేయరు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరో, తాతగారి పంచో చింపి, వేడినీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి దాచిపెడతారు. నా రెండు కాన్పులకూ అత్తమ్మ తన తెల్ల నేత చీరను నాలుగు ముక్కలు చేసి ఆసుపత్రికి తెచ్చింది. అక్కడ ఇచ్చిన రంగు టవల్ పక్కన పెట్టేసి, బిడ్డ చేతులు రెండూ లోపలికి మడిచి, ఆ ముక్కలో గట్టిగా చుట్టి నా పక్కన పడుకోబెట్టింది. అప్పటిదాకా గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల ఇట్టే ఊరుకుంది.

యెహెజ్కేలు గ్రంథం 16వ అధ్యాయంలో దీనికి ఎదురుగా ఒక చిత్రం ఉంది. యెరూషలేమును దేవుడు పుట్టిన రోజే పొలంలో పారేసిన ఆడబిడ్డతో పోల్చాడు. ఆ బిడ్డకు బొడ్డు కోసినవాళ్లు లేరు, నీళ్లు పోసినవాళ్లు లేరు, ఉప్పు రాసినవాళ్లు లేరు, గుడ్డ చుట్టినవాళ్లు లేరు. జాలిపడి చూసిన కన్ను ఒక్కటీ లేదు. గుడ్డ చుట్టకపోవడమంటే ఆ బిడ్డ ఎవరికీ అక్కర్లేదని. మరి చుట్టడమంటే? "నువ్వు మాకు కావాలి" అని బిడ్డ ఒంటికి తెలిసేలా చెప్పే మొదటి మాట అదే. మాటలు అర్థం కాని వయసులో కూడా ఆ సంగతి బిడ్డకు అందుతుంది.

ఇక పోయిన డిసెంబరు సంగతి. పెద్దవాడికి పరీక్షలు, ఆఫీసులో ఇయర్ ఎండ్ పని, జనరల్ బజార్ రద్దీలో మూడు సాయంత్రాలు తిరిగినా దొరకని ఫ్రాకు, ఆర్డర్ పెట్టినా రాని గిఫ్టు. రాత్రి ఒంటిగంటకు క్యారల్స్ వాళ్లు గేటు ముందుకొస్తే లేచి టీ పెట్టాలి. ఆ రాకడ నాకు ఎంతో ఇష్టం, కానీ అప్పటికి ఒంట్లో ఓపిక ఉండాలి కదా. ఆ టెన్షన్‌లో ఉండగానే మా పాప క్రిస్మస్‌కు ఇంట్లో పెట్టే బొమ్మల పశువుల పాక సర్దుతూ బాల యేసు బొమ్మను కింద పడేసింది. మట్టి బొమ్మ, ఒక చెయ్యి విరిగిపోయింది. మా ఆయన చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉన్న బొమ్మ అది. నేను గట్టిగా అరిచాను. "ఒక్క వస్తువును జాగ్రత్తగా ఉంచవా?" అన్నాను. ఆరేళ్ల పిల్ల, ఒక్క మాట కూడా తిరిగి అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున్నే వంటింట్లోకి వెళ్తే పొయ్యి దగ్గర మసిగుడ్డ లేదు. వెతుక్కుంటూ హాల్లోకి వచ్చాను. పాకలో, గడ్డి మీద, బాల యేసు మెడ దాకా ఆ మసిగుడ్డలో ఉన్నాడు. విరిగిన చెయ్యి లోపలికి పెట్టి, పైన తన జడ రబ్బరుబ్యాండు వేసింది. పసుపు మరక సరిగ్గా గుండెల మీదికి వచ్చింది. పండక్కి వచ్చేవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని నేను తీయబోయాను. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనియ్ బిడ్డా, చెయ్యి నొస్తదని కట్టింది" అంది. తర్వాత ఆ మసిగుడ్డను తానే విప్పి, సబ్బుతో ఉతికి, ఆరేసి, పాపను పిలిచి మళ్లీ దాంతోనే కట్టించింది. నేను పక్కనే నిలబడి చూశాను. పాప దగ్గర కూర్చుని క్షమించమని అడగడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది.

పిల్లలకు గిఫ్టులు, కొత్త బట్టలు వద్దని నేను అనను. నా చిన్నప్పుడు ఏడాదికి ఒక్కసారి కుట్టించే కొత్త గౌను వాసన నాకు ఇంకా గుర్తుంది. కానీ ఆ గౌను కంటే గట్టిగా గుర్తున్నది, 24 రాత్రి పొద్దుపోయాక మా అమ్మ గరిజెలు చేస్తూ, అంచు మడవడానికి నా వేలు పట్టుకుని నేర్పించడం. మేము పండగ అనుకుని పడే హడావిడిలో పిల్లలు దేన్ని ఆనవాలుగా దాచుకుంటారో మనం ముందుగా చెప్పలేం. అందుకే మనం అరిచే మాటకు కూడా నాకు భయం.

ఆనవాలులో రెండో సగం తొట్టి. పాకలోకి గడ్డి కోసం మా ఆయన ఏటా పిల్లల్ని తబేలాకు తీసుకెళ్తారు. హైదరాబాద్‌లో గేదెల తబేలాలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. అక్కడి పెద్దాయన డబ్బులు తీసుకోడు, "పండక్కే కదా" అని ఒక మోపెడు వరిగడ్డి చేతిలో పెడతాడు. మొదటిసారి వెళ్లినప్పుడు మావాడు తొట్టి దగ్గర ఆగిపోయాడట. అంచంతా గేదెల నోటి జిగురు, అడుగున నానిన దాణా, చుట్టూ ఈగలు. "నాన్నా, ఇట్లాంటి దాంట్లోనా పడుకోబెట్టింది?" అని అడిగాడట. బొమ్మల పాకలో తొట్టి శుభ్రంగా, అందంగా ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డిని పెట్టి క్రిస్మస్ రాత్రిని జనానికి చూపించింది కూడా ఇందుకే అనిపిస్తుంది. ఆ బిడ్డ పడిన ఇబ్బంది కళ్లారా చూడాలని ఆయన కోరిక. తబేలా నుంచి వచ్చాక మావాడు గడ్డిని రెండుసార్లు విదిలించి, గుచ్చుకునే పుల్లలన్నీ ఏరి, అప్పుడు పరిచాడు.

25న తెల్లవారకముందే లేచి మెదక్ వెళ్తాం. సికింద్రాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. దారి పొడుగునా అత్తమ్మ చెప్పే కథ ఒకటే. కరువు రోజుల్లో తిండి లేక అల్లాడుతున్న జనానికి మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర చర్చి కట్టే పని ఇచ్చి, అన్నం పెట్టాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ చర్చికి 2024లో నూరేళ్లు నిండాయి. ఆ రాళ్లు మోసినవాళ్లలో అత్తమ్మ వాళ్ల తాత కూడా ఉన్నాడు. "మా తాత ఆకలి తీర్చిన గుడి ఇది" అంటుంది ప్రతిసారీ. పిల్లలకు కథ మొత్తం నోటికొచ్చు, అయినా ఆమె ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే ఊరుకోరు.

లోపల రంగు అద్దాల కిటికీలు మూడున్నాయి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. వెలుగు బయటి నుంచి పడితేనే లోపలున్నవాళ్లకు బొమ్మ కనిపిస్తుంది. తెల్లవారుజాము ఆరాధన మొదలైనప్పుడు అవి ఉత్త నల్లటి అద్దాలు. పాటలు సాగుతూ ఉండగా నీలం, ఎరుపు ఒక్కొక్కటే తేరుకుంటాయి. పోయినసారి మా పాప తల్లీబిడ్డా ఉన్న కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక నా చెవి దగ్గరికొచ్చి, "అమ్మా, పాపం యేసయ్యకు చలి పెట్టిందా?" అని అడిగింది. వాళ్లమ్మ చుట్టింది కదా, పెట్టలేదని చెప్పాను. తృప్తిగా తలూపి నా కొంగు తన మీదికి లాక్కుంది.

ఈ ఏడాది, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలైన ఆదివారం సాయంత్రమే పాక బయటికి తీశాం. చెయ్యి అతికించడానికి మా ఆయన జిగురు తెచ్చారు కానీ, పాప ఒప్పుకోలేదు. గుడ్డ మాత్రం కొత్తది కావాలంది. కొత్తదంటే పాతదేనట, "నన్ను చుట్టినట్టాంటిది" అని నానమ్మ దగ్గర పట్టుబట్టింది. అత్తమ్మ బీరువా అడుగు నుంచి ఒక తెల్ల చీర తీసి, అంచును పంటితో కొరికి చిన్న గాటు పెట్టింది. ఒక కొస పాప చేతికిచ్చి, "గట్టిగ పట్టుకో, వదలకు" అని, రెండో కొస తాను పట్టుకుని వెనక్కి నడిచింది.